బోణీకి కొన్న బల్బు

లేదు అనే మాట ఆ సేటు నోటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలేదు. ఇవ్వను అని కూడా అనలేదు. అలా అన్నా బాగుండేది, పోట్లాడేవాళ్లం, నలుగురిని పోగు చేసేవాళ్లం. "మీ పైసలు యాడికి పోతయ్ తమ్మీ, ఇస్త" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి చూసి నాకు నవ్వే మనుషులంటేనే విసుగు పుట్టింది.

ఇది డెబ్బైల చివరి సంగతి. మా ఆయన అప్పటికి చాలా ఏళ్లుగా వరంగల్‌లో ఒకరి లారీ నడిపేవాడు. లారీ వాళ్లది, రోడ్డు సర్కారుది, నిద్ర లేకపోవడం ఒక్కటే మనది అని నేను దెప్పేదాన్ని. ఇంటి ముందు గదిలో నాకొక చిన్న గాజుల దుకాణం ఉండేది. ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, సొంత కారు కొని కిరాయికి తిప్పాలని. వచ్చే మాఘంలో మేడారం జాతర ఉంది. ఆ జాతరకు మనుషుల్ని తిప్పితే కారు సగం మనదైనట్టే అని ఇంట్లో రోజూ అదే పాట. నా గొలుసు కుదువ పెట్టి, ఆయన దాచుకున్నది కలిపి, హన్మకొండలో పాత బండ్లు, సామాన్లు అమ్మే ఈ సేటు దగ్గర ఒక నల్ల కారు కొన్నాం.

కారు ఇచ్చేనాడు సేటే కొబ్బరికాయ కొట్టాడు. బానెట్‌కు పసుపు రాసి బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. "లక్ష్మిని మీ చేతుల పెడుతున్న చెల్లే. ఏమన్న తేడా వస్తే బండి నాది, పైసలు మీయి" అన్నాడు. మా అమ్మ కూడా నన్ను అత్తారింటికి అంత ఘనంగా పంపలేదు.

మొదటిసారి ఎక్కి మా అమ్మగారి ఊరికి, రఘునాథపల్లి వైపు బయల్దేరాం. ఊరింకా రానే లేదు, బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆయన దిగి, దండ పక్కకు జరిపి, బానెట్ ఎత్తి చాలాసేపు వంగి చూశాడు. తర్వాత వచ్చి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

"ఇంజన్ పగిలింది. అతుకేసి పైనుంచి రంగు పూసిండ్రు."

"ఇన్నేండ్లు లారీ నడిపినవు, కొనేటప్పుడు చూసుకోలేదా?"

"చల్లగున్నప్పుడు చూసిన. వేడెక్కితేగని తెల్వదది."

తెలిసినవాళ్ల లారీకి తాడు కట్టించి, కారును సేటు దుకాణానికే లాక్కొచ్చాడు. సేటు ఒక్క మాటా వాదించలేదు. "అయ్యో తమ్మీ, నాకూ ఎర్కలేదు. ఆ యాపచెట్టు కింద పెట్టు. పైసలు తీస్కపోదువు, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మేము ఊపిరి పీల్చుకున్నాం. జాతరకింకా నెలలున్నాయి, డబ్బు రాగానే ఇంకో బండి చూసుకోవచ్చనుకున్నాం.

ఇక తిరగడం మొదలైంది. పొద్దున్నే వెళ్తే "ఇంక బోణీ కాలే తమ్మీ, బోణీ కాకముందు గల్లాల చెయ్యి పెడితే ఎట్ల?" అనేవాడు. నిజమే కదా అని ఆయన బల్ల మీద కూర్చునేవాడు. పాత బండ్ల దుకాణంలో బోణీ ఎప్పుడవుతుందో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నమైతే సేటు తిని పడుకునేవాడు. సాయంత్రం వెళ్తే అప్పుడే దీపం ముట్టించి దండం పెడుతుండేవాడు. దీపాలు పెట్టాక ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు. మంగళవారం ఇవ్వకూడదు, శుక్రవారం అసలే ఇవ్వకూడదు, అమావాస్య మాట చెప్పనే అక్కర్లేదు. అన్నీ తీసేస్తే మాకు మిగిలే వేళ ఏదో నాకైతే అర్థమయ్యేది కాదు.

కోపం తెచ్చుకుందామంటే అదీ చేతకాలేదు. ఎందుకంటే మేమూ అవే పాటించేవాళ్లం. నా గాజుల దుకాణంలో బోణీ కాకముందు చిల్లర అడిగితే నేనూ ఇవ్వను. దీపాలు పెట్టాక పక్కింటి వదిన అప్పు అడిగితే రేపు రమ్మంటాను. సేటు అబద్ధమాడుతున్నాడని ఎలా అనను?

ఆయన లారీ దిగి నేరుగా అక్కడికే వెళ్లేవాడు. ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక, భుజం మీది తువ్వాలతో వేపచెట్టు కింద కారును తుడిచేవాడట. ఎండిపోయిన బంతిదండ తీసెయ్యడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు.

మాఘం వచ్చింది. ములుగు రోడ్డు మీద ఎడ్లబండ్లు, బస్సులు, జీపులు, కార్లు బారులు తీరాయి. నా దుకాణంలో గాజులు బాగా అమ్ముడుపోయాయి, సంతోషం మాత్రం లేదు. ఆయన ఒకరోజంతా రోడ్డు పక్కన నిలబడి పోయే కార్లనే చూశాడు. అన్నానికి పిలిస్తే "ఆకలైతలేదు" అన్నాడు. ఆ రాత్రి నాకు సేటు మీద కంటే మా మంచితనం మీదే ఎక్కువ కోపం వచ్చింది.

జాతర అయిపోయాక, గొలుసు మీద వడ్డీ పెరిగిపోతుంటే, ఒకరోజు నా దుకాణం మూసి ఆయనతో నేనూ వెళ్లాను. బల్ల మీద కూర్చున్నాం. బోణీ కాలేదట. ఎండెక్కాక ఎవరో వచ్చి ఒక నట్టో బోల్టో కొన్నాడు. సేటు ఆ చిల్లరను కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. వెంటనే చాయ్ తెచ్చినవాడికి అదే గల్లాలోంచి తీసి ఇచ్చాడు. మేము లేచేలోపు "తిని వస్త తమ్మీ" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చింది దీపాల వేళకే.

ఆ చిల్లర కళ్లకద్దుకోవడం నా మనసులోంచి పోలేదు. ఇన్నాళ్లూ బోణీ అంటే కారు అమ్మడమే అనుకున్నాం మేము. మరునాడు గురువారం. సేటు దుకాణం తెరిచి ఊదుబత్తి వెలిగించేసరికి నేను ఎదురుగా ఉన్నాను. మా ఆయన నా వెనక నిలబడ్డాడు.

"ఏం గావాలె చెల్లే, ఇంత పొద్దుగాల?"

"కారు ముందు లైటుకు బల్బియ్యి అన్నా."

సేటు వేపచెట్టు వైపు చూశాడు. "ఆ బండికా?"

"బల్బే గదా, ఇయ్యి."

దుమ్ము ఊది ఇచ్చాడు. నేను బేరమాడలేదు. అలవాటు కొద్దీ డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు.

"బోణీ అయింది గదా అన్నా. దీపాలకింక మస్తు పొద్దున్నది. ఇయ్యాల శుక్రారం గాదు, మంగళారం గాదు. మా పైసలు మాకియ్యి. బోణీ చేసిన ఆడపిల్లను ఏడిపిచ్చి తోలకు."

గట్టిగా నిలదీయాలనే వెళ్లాను. కానీ చివరి మాట దగ్గర నిజంగానే ఏడుపొచ్చింది. అన్ని నెలల అలసట ఒక్కసారి బయటపడింది. నేను గాజులమ్మే మనిషిని, బోణీ చేసినవాళ్లు కన్నీళ్లతో గడప దిగితే అమ్మేవాళ్ల గుండె ఎలా జారుతుందో నాకు తెలుసు. సేటుకూ తెలుసు.

"ఏడ్వకు చెల్లే, జర ఆగు, బోణీ పూట ఏడ్వకు" అంటూ గల్లా తెరిచాడు. చాలకపోతే లోపల బీరువాలోంచి తెచ్చాడు. కొబ్బరికాయకు, దండకు, నిమ్మకాయలకు మాత్రం కోసుకున్నాడు. మా ఆయన డబ్బు తీసుకుని లెక్క కూడా పెట్టలేదు. కారు దగ్గరికి వెళ్లి ఇంకోసారి తుడిచి, ఎండిన దండ తీసి చెట్టు మొదట్లో వేసి, తాళంచెవి తెచ్చి సేటుకు ఇచ్చాడు.

గొలుసు విడిపించి వడ్డీ కట్టాక మిగిలిన దాంతో ఏ కారూ రాదు. ఆయన మళ్లీ లారీ ఎక్కాడు. ఇంటికొచ్చాక నేను బల్బు చేతికిచ్చి, "దీన్ని గూడ వాపసిచ్చి వస్తవా?" అన్నాను.

"బోణీ సామాను వాపసు తీస్కోరే" అని నవ్వాడు. ఎన్ని నెలల తర్వాత నవ్వాడో! "ఉండనియ్యి. మన బండికి అక్కెరకొస్తది."

బల్బును దూదిలో చుట్టి నా గాజుల బీరువాలో పెట్టాడు. ప్రతి దసరాకు ఆయుధపూజలో, నట్లు విప్పే లారీ పానాల పక్కన పీట మీద దాన్నీ పెట్టి బొట్టు పెట్టేవాడు. నేను నవ్వేదాన్ని, ఆయనా నవ్వేవాడు.

ఎనభైల్లో చూపు తగ్గి స్టీరింగ్ వదిలేశాడు. పానాలన్నీ ఇంకో డ్రైవర్‌కు ఇచ్చేశాడు. ఆ ఏడు దసరాకు పీట మీద బల్బు ఒక్కటే ఉంది. ఆయన దానికి బొట్టు పెట్టి, నావైపు చూడకుండా లేచి బయటికి వెళ్లాడు.