ఉప్పునీళ్ల తొట్టి

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో రోజుకు ఆరు గంటలు పాఠం చెప్పి చిక్కడపల్లిలోని గదికి వచ్చాక నాకు మాట్లాడడానికి ఎవరూ ఉండేవారు కాదు. విడాకులై మూడేళ్లు. ఒక ఆదివారం నారాయణగూడలో అక్వేరియం చేపల దుకాణంలోకి ఊరికే వెళ్లి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు సముద్రపు చేపలను, వాటికో గాజు తొట్టిని కొన్నాను.

"ఉప్పునీళ్ల చేపలు సార్, జర పరేషాన్ చేస్తయి" అన్నాడు దుకాణదారు.

నిజమే చెప్పాడు. ఫిల్టరు నీళ్లలో ఉప్పు కొలిచి కలపాలి, వేడి చూసుకోవాలి. ఆ పని నాకు నచ్చింది. ఇంటికి త్వరగా రావడానికి ఒక కారణం దొరికింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం క్లాసు ముగించి ఫోన్ చూస్తే, మా గది ఊడ్చే ఆమె నుంచి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. మహబూబ్‌నగర్ మనిషి. భర్త మేస్త్రీ పని చేసేవాడు. తాళంచెవి ఒకటి ఆమె దగ్గరుండేది. నేను వెళ్లాక వచ్చి, నేను రాకముందే పోయేది కాబట్టి మేం మాట్లాడుకున్నది తక్కువ.

పరుగున వచ్చాను. కరెంటు లేదు. ఆమె స్టూలు మీద కూర్చుని, చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తోంది. చీరంతా తడిసిపోయింది.

"బుడగలు ఆగినయ్ సారు. చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. ఊపిరి ఆడతలేదనుకున్న."

"ఎంతసేపటి నుంచి?"

"రెండు గంటలైతదేమో. ఊకె కూసుంటే ఏమొస్తది, వాటితోని మా ఊరి ముచ్చట్లు చెప్పుకుంట పోసిన."

రెండు చేపలూ బతికాయి. ఆ రోజు ఇద్దరికీ నేనే టీ పెట్టాను. ఆమె గచ్చు మీద కూర్చుని తాగింది. కుర్చీలో కూర్చోమని నాకు తోచనేలేదు.

వానాకాలంలో భర్తకు శంషాబాద్ వైపు పని దొరికితే, ఆమె తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయింది. తర్వాత నెలకే పెద్ద చేప చనిపోయింది. చిన్నది మూల నక్కి మేత ముట్టలేదు. ఎవరికి చెప్పాలో తెలియక ఆమెకు ఫోన్ చేశాను. వెనక కాంక్రీటు కలిపే మిల్లరు మోత.

"అయ్యో! ఒక్కటే అయిందా సారు? జర దాని దగ్గర కూసో. బెంగ పెట్టుకున్నది."

మూడు రోజులు సాయంత్రం క్లాసులు మానుకుని కూర్చున్నాను. నాలుగో రోజు అది మెల్లగా పైకొచ్చి రెండు పలుకులు తిన్నది. ఆమెకు చెబుదామని ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదని వినిపించింది.