మూడడుగుల సముద్రం

మా నాన్న ముప్పై నాలుగేళ్లు నీళ్ల పంపుహౌసులో ఆపరేటరుగా పనిచేశాడు. స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "దీనికింక వారమే ఆయుష్షు" అన్నాడంటే వారమే. అందుకే అందరూ ఆయన్ని మోటారాయన అనేవాళ్లు. రిటైరయ్యాక వినడానికి మోటార్లు లేక, ఇంట్లో మిక్సీ తిరిగితే చాలు, వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడేవాడు. అమ్మ విసుక్కునేది: "దీనికి జ్వరమేం రాలేదు. వెళ్లి పేపరు చదువుకోండి."

నా పెళ్లితో ఆయనకో స్నేహితుడు దొరికాడు. నా భర్తే. ఆసుపత్రిలో ఎలక్ట్రీషియను. నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. నాన్న దగ్గర మాత్రం గంటలకి గంటలు.

ఓ రోజు ఆసుపత్రి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పంపు గరగరలాడుతోందని నాన్నని తీసుకెళ్లాడు. నాన్న తన పద్ధతిలో విని, "లోపల ఇసుక చేరింది, విప్పి కడగండి" అన్నాడు. లేస్తూ లేస్తూ గాజు వైపు చూశాడు. అన్నీ బతికున్న పగడాలు. రాయనుకున్నది కాస్తా చిన్న చిన్న వేళ్లు చాచి మెల్లిగా విచ్చుకుంటోంది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మతో, "ఇన్నేళ్లూ నీళ్లు తోశానే గానీ, నీళ్లలో ఏముంటుందో ఒక్కసారన్నా చూడలేదే" అన్నాడట.

ఇక ప్రతి ఆదివారం అదే పని. మేమిద్దరం మా పుట్టింటికి వెళ్లేవాళ్లం. భోజనాలయ్యాక మామా అల్లుళ్లు పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, ఇంట్లోనూ అలాంటి తొట్టి పెట్టడానికి వెనకవైపు లెక్కలు వేసేవాళ్లు.

"నాలుగడుగులది చేయిద్దాం అల్లుడూ. కొట్టొచ్చినట్టు కనబడాలి."

"మొదటిసారికి మూడడుగులు చాలు మామయ్యా. దానికే నూట తొంభై లీటర్లు. రాళ్లూ, గాజూ, స్టాండూ కలిస్తే మూడొందల కిలోలు. గోడవారగా పెట్టాలి."

"చేపలకెంత రాశావు?"

"చేపలు ఆఖర్న. ముందు లైటు. పగడాలకి అన్నం పెట్టేది అదే. ఖర్చులో మూడో వంతు దానికే. తర్వాత నీళ్లలో మురికిని నురుగులా పైకి లాగే స్కిమ్మరు. అక్కడ కక్కుర్తిపడితే మళ్లీ ఇంకోటి కొనాల్సొస్తుంది."

"మరి చిల్లరో?"

నీళ్లు చల్లబరిచే ఆ యంత్రం ఖరీదు నాన్న ఆర్నెల్ల పెన్షను. అతను తల అడ్డంగా ఊపి దాన్ని కొట్టేశాడు. "రెండు చిన్న ఫ్యాన్లు పెడదాం. ఆవిరైపోయినంత మంచినీళ్లు రోజూ పోసుకోవాలి, అంతే."

"పోయడానికి నేను లేనూ? నాకింకేం పని?"

అమ్మ అటునుంచి అందుకునేది: "ఫ్రిజ్జు మార్చమంటే డబ్బుల్లేవు గానీ, చేపలకి ఫ్యాన్లట ఫ్యాన్లు!"

చేపలు వేసేముందు నెలన్నర ఉత్త రాళ్లూ ఉప్పునీళ్లే ఉంచాలని, వారానికోసారి పరీక్ష చేసి చూసుకోవాలని అతను చెప్తే నాన్న నీరసపడిపోయాడు. "అన్నాళ్లు ఖాళీ నీళ్లు చూస్తూ కూర్చోవాలా?"

"కూర్చోవాలి మామయ్యా. తొందరపడితే అన్నీ చచ్చిపోతాయి."

పక్కగదిలో కూర్చుని ఆ మాటలు వింటుంటే నాకు ఏడుపొచ్చేది. ఇంత ఓపికున్న మనిషి మా ఇద్దరి గురించి "ఏం చేద్దాం" అని ఒక్కసారీ అడగలేదు. నేనూ అడగలేదనుకోండి. ఇంటికెళ్తే ఒకళ్లం టీవీ గదిలో, ఇంకొకళ్లం పడకగదిలో. ఏడేళ్లు అలా గడిచిపోయాయి.

సామాను ఒక్కొక్కటే కూడడానికి రెండేళ్లు పట్టింది. నాన్న పెన్షను డబ్బుతో గాజుతొట్టి, స్టాండు, పంపు. అతని ఓవర్‌టైం డబ్బుతో లైటు, స్కిమ్మరు. తొట్టి ఎక్కడైనా కారుతుందేమోనని ముందుగా మామూలు నీళ్లు నింపి, పంపు వేసి వారం రోజులు చూద్దామనుకున్నారు. ఆ వారంలోనే, గురువారం నాడు, నేను రెండు సూట్‌కేసులతో పుట్టింటికి వచ్చేశాను.

"ఎన్నాళ్లుంటావమ్మా?" అన్నాడు నాన్న.

"ఇక వెళ్లను నాన్నా."

నాన్న సూట్‌కేసులు లోపల పెట్టి వచ్చాడు. "కొట్టాడా?"

"లేదు."

"తాగుతున్నాడా?"

"అలాంటివేం లేవు. మంచివాడే. పక్కన మనిషుండగా ఒక్కదాన్నే ఉండటం నావల్ల కావట్లేదు."

"సరే. ముందు అన్నం తిను" అన్నాడు. అంతకుమించి ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

మర్నాడు నాన్నకి ఫోనొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. అవతలి గొంతు నాకూ వినబడింది. "మామయ్యా, పంపు నీళ్లలోనే ఉండిపోయింది. తీసి ఆరబెట్టండి." నాన్న నా వంక చూశాడు. "ఊఁ" అని పెట్టేశాడు. మధ్యాహ్నమంతా కూర్చుని గొట్టంతో బకెట్లలోకి నీళ్లు దింపి, ఒక్కో బకెట్టూ మోసుకెళ్లి పెరట్లో పారబోశాడు. సాయానికి వెళ్తే వద్దన్నాడు.

విడాకుల కాగితాలు కదిలినప్పుడు ఎవరి సామాను వాళ్లకి పంపాలన్నారు. అతని వస్తువుల జాబితాలో లైటూ స్కిమ్మరూ కూడా రాసింది నేనే. కోపంలో రాశాను. నాన్న ఆ జాబితా చదివి, లోపలికి వెళ్లాడు. ఒక్క రోజూ వాడని స్కిమ్మరుని మెత్తటి గుడ్డతో తుడిచి, రెంటినీ పాతదుప్పట్లో చుట్టి, పెట్టెలో సర్దాడు. పెట్టె మీద చిరునామా మాత్రం నన్నే రాయమన్నాడు.

తర్వాత ఏడాదిపాటు శనివారం శనివారం నడకకని బయల్దేరేవాడు. వెళ్లేది మాత్రం రెండు బస్సులు మారి అక్వేరియం చేపల కొట్టుకి. అక్కడ ఓ రోజు అతను కనబడ్డాడు. ఈ సంగతి నాన్న అమ్మకి చెప్తే, అమ్మ నాకు చెప్పింది.

"బాగున్నారా అండీ" అన్నాడట అతను. మామయ్యా అనలేదు. అనే వరస లేదు మరి. నాన్నకి అల్లుడూ అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఏం బాబూ" అన్నాడట, బస్సులో పక్కసీటు మనిషిని పలకరించినట్టు.

కౌంటరు మీద ఆ లైటుంది.

"అమ్మేస్తున్నావా?"

"ఇప్పుడుండేది అద్దె గదండీ. మేడమీద రేకుల గది. అంత బరువు పెట్టనివ్వరు."

కొట్టువాడు సగం ధర కూడా ఇవ్వనన్నాడు. నేను కొంటానని నాన్నకి నాలుక చివరిదాకా వచ్చింది. కొని ఇంటికి తెస్తే కూతురికేం చెప్పాలి? చూస్తుండగానే కొట్టువాడు లైటు లోపలికి పట్టుకెళ్లిపోయాడు. ఇద్దరూ బస్టాపుదాకా నడిచారు. ఎండ గురించి మాట్లాడుకున్నారు. అతని బస్సు ముందొచ్చింది.

"రెండు వారాలుగా అన్నం కెలికి వదిలేస్తున్నారే" అంది అమ్మ.

నేను వెళ్లి నాన్న పక్కన కూర్చున్నాను. "విడిపోయింది నేను. నిన్ను విడిపొమ్మని ఎవరన్నారు? ఫోన్ చేసి మాట్లాడు."

"వద్దులేమ్మా. నీకు కష్టంగా ఉంటుంది."

"నాకేం కష్టం లేదు." ఆ మాట నిజం కాదు. అయినా నంబరు నేనే నొక్కి ఇచ్చాను.

అవతల ఏవో యంత్రాల చప్పుడు. "వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరానండీ. ఇప్పుడు పనిలో ఉన్నాను. ఆదివారం తీరిగ్గా చేస్తాను" అన్నాడు.

ఆ ఆదివారం నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. ఫోను రాలేదు. మరో ఆదివారమూ రాలేదు. మనమే చేద్దామంటే, "పనిలో ఉంటాడు, ఊరికే విసిగించకూడదు" అనేవాడు.

రెండు నెలలకి కొట్టువాణ్ణే పిలిచి గాజుతొట్టి, స్టాండు, పంపు ఇచ్చేశాడు. నేను సాయం చేస్తాను, మనమే పెట్టుకుందాం నాన్నా అంటే, "ఒక్కడివల్ల అయ్యే పని కాదమ్మా" అన్నాడు. పక్కన నేనుండగానే అన్నాడు. ఇద్దరు మనుషులొచ్చి తొట్టిని పక్కకి తిప్పి, గుమ్మం తగలకుండా బయటికి తీసుకెళ్లారు. ఆ ఖాళీలో అమ్మ కుర్చీ వేసింది. నాన్న అందులో ఎప్పుడూ కూర్చోడు.

తర్వాతి వారం ఉండబట్టలేక అడిగాను. "అతను ఫోన్ చేశాడా నాన్నా?"

"చేశాడమ్మా. మొన్న ఆదివారం. చాలాసేపు మాట్లాడాడు" అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా.

మొన్న శనివారం నాన్న ఫోను కిందపడి అద్దం పగిలింది. రిపేరు షాపులో ఇచ్చింది నేను, సోమవారం తెచ్చింది నేను. ఆ సంగతి ఆయనకి గుర్తులేదు.

"ఏమన్నాడు?" అన్నాను.

"అక్కడ బాగానే ఉందట. నిన్ను కూడా అడిగాడు."

"మంచిది నాన్నా" అన్నాను.