పెద్ద డిస్కుకు ఇచ్చిన కొసరు

కృష్ణగిరిలో మా అక్కకు జాకెట్ల అంగడి ఉంది. అందులో ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను, దానికి డిజైన్లు అందించే ఒక పాత లాప్‌టాప్. మిషనుతో పాటు వచ్చిన డిజైన్లు ఊళ్లో అందరి దగ్గరా ఉంటాయి. పెళ్లివాళ్లు అక్కను వెతుక్కుంటూ వచ్చేది తను సొంతంగా గీసుకున్న తీగల కోసం, అంచుల కోసం. అవన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఈ మధ్య అది నిండిపోయి, కొత్త పువ్వు దాచమంటే చోటు లేదని మొరాయించసాగింది.

"హోసూరులో నీకు తెలిసినోళ్లు ఉండారు కదా, పెద్ద డిస్కు ఏయించుకోని రా. దాంట్లో ఉండేదంతా అట్లే రావాల. ఒక్క పువ్వు తగ్గినా నీతో మాట్లాడను" అంది అక్క.

హోసూరులో నాకు తెలిసినవాళ్లంటే, నేను బేరమాడి విసిగించినవాళ్లు.

మా నాన్నది పాత్రల అంగడి. నేను మాటలు నేర్చుకున్నది గల్లాపెట్టె పక్కనే. కొనదలుచుకున్న వస్తువు వైపు చూడకూడదని, కొసరు చేతులు మారేదాకా బేరం ముగిసినట్టు కాదని ఆయన నమ్మకం. బిందె కొన్నవాళ్లకు గరిటె కొసరు. గరిటె కొన్నవాళ్లకు కనీసం ఒక మంచి మాట కొసరు. నాకు అంగడి మిగల్లేదు గానీ ఈ రెండు జబ్బులు మాత్రం మిగిలాయి.

హోసూరు బస్టాండు దగ్గరి సందులో కంప్యూటర్లు బాగుచేసే అతను కూడా ఇలాంటి ఇంట్లో పుట్టినవాడే. వాళ్ల నాన్న టెంకాయలు అమ్మేవాడు. నేను వెళ్లి, ముందు ఒక ప్రింటరును తిప్పి తిప్పి చూశాను.

"ప్రింటరును ఎందుకన్నా అంతసేపు చూస్తావు? నీకు కావాల్సిన డిస్కు ఈడుండాది" అన్నాడు అతను, నా చేతిలోని లాప్‌టాప్ సంచిని చూసి.

అయినా బేరం చాలాసేపే సాగింది. నేను రెండుసార్లు మెట్లు దిగి వెళ్లిపోయినట్టు నటించాను. రెండోసారి అతను పిలవలేదు, నేనే వెనక్కి వచ్చాను. చివరికి ఇద్దరికీ సరిపడే ధర కుదిరింది.

అతను లాప్‌టాప్ పక్కన గుచ్చి ఉన్న చిన్న పెన్‌డ్రైవ్‌ను లాగి బల్ల మీద పడేసి, అడుగు భాగం విప్పి పాత డిస్కు బయటికి తీశాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ తన కంప్యూటరుకు తగిలించాడు. ఒకదాని లోపలిదంతా ఇంకోదానిలోకి పారుతుంటే తెర మీద పచ్చగీత నత్తలా సాగింది. నేను స్టూలు వేసుకుని కదలకుండా కూర్చున్నాను. అయ్యాక రెండు డిస్కులూ తెరిపించి, ఫోల్డరు పక్కన ఫోల్డరు పెట్టి సరిచూశాను. ఒక్క పువ్వూ తగ్గలేదు. పాత డిస్కును కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని, కొసరుగా మౌసు కింద వేసుకునే అట్ట ఒకటి లాక్కున్నాను.

"అంతా నువ్వే లాక్కుంటే ఎట్లన్నా? నాకేమీ కొసరు లేదా?" అని నవ్వాడు అతను.

నా జన్మలో ఒక అంగడివాడు నన్ను కొసరు అడగడం అదే మొదలు. గర్వంతో కళ్లు మూసుకుపోయాయి. బల్ల మీది పెన్‌డ్రైవ్‌ను అతని కంప్యూటరుకు పెట్టి చూశాను. ఏమీ కనిపించలేదు. అది చచ్చిందని ఇద్దరం తీర్మానించాం.

"ఇదో, ఉంచుకో" అన్నాను, బిందె మీద గరిటె పెట్టినంత దర్జాగా.

"పైడొప్ప పనికొస్తాదిలే" అని అతను దాన్ని ఒక రేకు డబ్బాలో వేసుకున్నాడు.

సాయంత్రానికి కృష్ణగిరి చేరి లాప్‌టాప్ అక్క ముందు పెట్టాను. చకచకా తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. అక్క ముఖం వెలిగింది. ఒక డిజైన్ మీద నొక్కింది. తాళంచెవి కనబడలేదని తెర మీద ఒక పెట్టె లేచింది. ఇంకోటి నొక్కింది. మళ్లీ అదే. అక్క లాప్‌టాప్ పక్కకు వంగి, ఖాళీగా ఉన్న బొక్కలో వేలు పెట్టి చూసింది.

"ఈడ గుచ్చినది యాడరా?"

"ఆ చచ్చిన పెన్‌డ్రైవా?"

"పెన్‌డ్రైవ్ కాదురా, సాఫ్ట్‌వేరు బీగంచెవి! మిషను పెట్టినాయన దాన్ని గుచ్చిపోయినాడు, ఆ పొద్దు నుంచి పీకిందే లేదు. అది ఉంటేనే డిజైన్లు తెరుచుకునేది. యాడ పెట్టినావు?"

చెప్పాను. చెప్పక తప్పుతుందా.

"కొసరా! నాన్న బిందెకు గరిటె ఇచ్చినాడు గానీ, అంగడి బీగంచెవి ఇచ్చినాడా?"

మిషను అమ్మినతనికి ఫోన్ చేస్తే, సాఫ్ట్‌వేరు మళ్లీ కొనాల్సిందే, కొన్నా కొత్తదాంట్లో పాత డిజైన్లు తెరుచుకుంటాయని మాట ఇవ్వలేనన్నాడు. అంటే అక్క ఇన్నాళ్లూ గీసిందంతా కళ్లెదుటే ఉంది, చేతికి అందదు. మిషను ఫ్రేములో కెలవరపల్లి పెళ్లికూతురి జాకెట్ గుడ్డ బిగించి ఉంది. ఒక చేతి మీద తీగ పూర్తయింది. రెండో చెయ్యి బోసిగా ఉంది. అక్క ఆ గుడ్డను విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం.

"నువ్వు బయటే నిలబడు. మనకు అవసరమని తెలిస్తే ఏమడుగుతాడో చెప్పలేం. నీ ముఖం చూస్తే చాలు, అంతా తెలిసిపోతుంది" అన్నాను దారిలో. అక్క కిటికీ వైపు తిరిగింది.

అంగట్లోకి వెళ్లి మౌసు కావాలన్నాను. అతను పెట్టెలు దించుతుంటే ఒక్కొక్కటీ చూసి వంకలు పెట్టాను. తర్వాత, అప్పుడే కంటపడినట్టు, రేకు డబ్బాను చూశాను.

"ఈ చెత్తంతా ఎందుకప్పా పెట్టుకున్నావు? డబ్బాతో ఇచ్చేయ్, మా ఇంటి పక్క పిల్లోళ్లు ఆడుకుంటారు."

"పెన్‌డ్రైవులతో పిల్లోళ్లు ఏం ఆట ఆడతారన్నా?"

"ఊరికే వద్దులే. ఎంతకిస్తావో చెప్పు."

అక్కడే చెడింది. నా అంతట నేనే ధర అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. అతను డబ్బాలో వెతికి, నేనిచ్చినదాన్నే పైకి తీశాడు. వెలుతురుకు పట్టుకుని చూశాడు. నన్ను చూశాడు.

"నిన్న ఊరికే ఇచ్చినావు, ఈ పొద్దు కొంటానంటావు. దీంట్లో ఏమో ఉండాది" అని చొక్కా జేబులో వేసుకున్నాడు.

నేను ప్రింటరు వైపు చూశాను. వేరే ఎటు చూడాలో తెలియలేదు.

అప్పుడు అక్క లోపలికి వచ్చింది. సంచిలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది.

"అది నాదప్పా. నా డిజైన్ల బీగంచెవి. తెలీక ఇచ్చేసినాడు. చూడు, ఒక చెయ్యి అయ్యుండాది, ఇంకోటి నిలిచిపోయుండాది. పెళ్లికూతురు ఒక చేత్తోనే పీటల మీద కూచుంటుందా?"

అతను పూర్తయిన తీగ మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత జేబులోంచి దాన్ని తీసి గుడ్డ మీద పెట్టాడు.

"ఈ మాట ముందే చెప్పింటే నాకు పెట్టెలన్నీ దించే పని తప్పేది కదన్నా" అన్నాడు నాతో. "సరే, దించినాను కాబట్టి ఒక మౌసు తీసుకో. నేను చెప్పిందే ధర."

నోరెత్తకుండా ఇచ్చాను. బయటికి వచ్చేముందు అక్క, ఎంతైనా మా నాన్న కూతురే కదా, బల్ల దగ్గర ఆగింది.

"కొసరు ఏమీ లేదాప్పా?"

అతను ఆమె గుప్పిట వైపు చూపించాడు. "ఇచ్చినాను కదక్కా."

మధ్యాహ్నానికి మిషను మళ్లీ నడిచింది. రెండో చేతి మీద తీగ మొదలయ్యేదాకా అక్క నన్ను కదలనివ్వలేదు. ఆ తాళంచెవిని గుచ్చి, ఎర్రదారంతో లాప్‌టాప్‌కు ముడివేసి, ఆ ముడి మీద ఇంకో ముడి వేసింది. ఆ తర్వాతే కొత్త మౌసు చేతిలోకి తీసుకుంది.

"బాగుండాదిరా. ఎంత?"

టీ గ్లాసు బేరమాడి కొన్నా దాని ధర వీధంతా చెప్పుకుని తిరిగే నేను, దారం ఇంకా సరిగ్గా బిగియలేదేమో చూడమన్నాను.