బెల్టుకు కట్టిన కంచె

వెదురు దబ్బల కంచె ఎక్కడ కనిపించినా నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. కారణం నూజివీడు దగ్గర మా బాబాయి మామిడితోట.

ఆయన ఆయిల్ ఇంజను పెట్టించిన వేసవిలోనే నేను ఇంజనీరింగు చదువు ముగించుకొని వచ్చాను. ఏది చెడవచ్చు, చెడితే ఎంత కీడు, ముందుగా దేన్ని సరిచేయాలి అనే క్రమంలో ఆ షెడ్డును పరిశీలించాను. డీజిల్ దొంగల పాలు కావచ్చు; వానకు ఇంజను తడవవచ్చు. కాని ఇంజను నుండి పంపుకు సాగే బెల్టు ఏ అడ్డూ లేకుండా తిరుగుతోంది. దానికీ గోడకూ మధ్యనున్న సందులోంచే ఒక కూలి మనిషి బిందెతో అంటుమొక్కలకు నీళ్ళు మోసేది. నా క్రమంలో మొదటి స్థానం ఆ సందుదే.

చెబితే బాబాయి నవ్వారు.

"చదివి చదివి భయాలు నేర్చుకొచ్చావేంట్రా? ఇంజనుకి నిమ్మకాయలు కట్టించాను, కనపడట్లేదా?"

"నిమ్మకాయలు చీర కొంగును ఆపవు బాబాయ్. నాలుగు వెదురు దబ్బలు అడ్డం కట్టిస్తే చాలు."

"ఏమే, నీకు భయమా?" అని ఆయన బిందెతో అటుగా వస్తున్న ఆ కూలి మనిషినే అడిగారు.

"కొంగు దోపుకునే నడుస్తన్నానండీ. ఇంజనుకైతే బొట్టెట్టారు, గంధం పూశారు. ఆ మర్యాదలో సగం నాకు చేస్తే భయమెందుకండీ?"

ఆయన దానికీ నవ్వారు. ఆ వారంలోనే హనుమాన్ జంక్షన్ నుండి డీజిల్ పీపాకు తాళం, షెడ్డుకు కొత్త రేకులు వచ్చాయి. దబ్బలు రాలేదు.

ఒక మధ్యాహ్నం బిందె ఎత్తుకోబోతూ ఆమె వంగినప్పుడు కొంగు జారింది. బెల్టు దాన్ని లాక్కుంది. నేను పరుగెత్తి ఇంజను ఆపేలోగా, ఆమె గోడకు కాలు తన్నిపెట్టి, చీర వదిలేసి బయటపడింది. కుడి మోచేతి నుండి వేళ్ళ దాకా చర్మం లేచిపోయింది. నా పైపంచె ఆమెకు కప్పాను.

బాబాయి వచ్చి ముందుగా బెల్టును తడిమి చూశారు.

"అయ్యో, అతుకు దగ్గర చీలిపోయిందిరా! మళ్ళీ బెజవాడ పోవాలి." తరువాత ఆమె వైపు తిరిగి, "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నారు.

మర్నాడే కంచె లేచింది, సరిగ్గా నేను చెప్పిన చోట. ఆమె చెయ్యి మానింది గాని వేళ్ళు మళ్ళీ వంగలేదు. బిందె ఎడమ చంకకు మార్చుకొని, ఆ కంచె పక్కనుంచే నడిచేది.

చాట్రాయి నుండి వచ్చిన బంధువులకు బాబాయి దాన్ని గర్వంగా చూపించారు.

"చీరలూ గీరలూ పడి బెల్టు పాడైపోతోందండీ. మావాడి సలహాయే. ఏరా, నీ మాట విన్నానా లేదా?"

ఆ పూట ఆయన ఇంట్లో విస్తరి ముందు కూర్చోలేక లేచి వచ్చేశాను.