పై అంతస్తు బాబాయిగారి గాలి పిస్టల్

మా పై అంతస్తు బాబాయిగారు పోయారని పోయిన నెల అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాను. అప్పటికి ఆఫీసు క్యాబ్ మణికొండ దాటింది. దిగి వెనక్కి వచ్చేశాను.

ఆయన దగ్గరున్న గాలి పిస్టల్ గురించి మన అపార్ట్‌మెంట్ల ఈ పత్రికలోనే నేను రాసింది మీలో చాలామంది చదివారు. ఇవాళ ఆయన గురించి రాయాలంటే ముందు అది దిద్దుకోవాలి. దిద్దుతుంటే కోపం వస్తోంది, ముందే చెబుతున్నాను.

నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి ఆయన. చొక్కా జేబులో పెన్ను బదులు చిన్న స్క్రూడ్రైవర్ ఉండేది. లిఫ్ట్ తలుపు కిర్రుమంటే ఆగి, చెవిపెట్టి వినేవారు. మూడేళ్ల కిందట మేము దిగిన కొత్తలో పసుపు దారం కుట్టున్న నా ఆఫీసు బ్యాగు తోలు పట్టీ తెగితే కొత్తది కుట్టి ఇచ్చారు. పాతది పారేయబోతే, "ఉండనియ్, నాకు పనికొస్తది" అని తీసుకున్నారు.

తర్వాత రెండు నెలలకు ఒక ఆదివారం పిస్టల్ చూపించారు. నిజాం కాలంలో వాళ్ల నాన్న ఇంట్లో సొంతంగా చేసుకున్నదన్నారు. స్ప్రింగు బిగిస్తుంటే ఆ నాన్నగారి వేలి కొస తెగిపోయిందట. ఏ సంవత్సరమో తెలియదు, "నువ్వే చెప్పు బిడ్డా" అన్నారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎదుటివాళ్ల పనిలో తప్పు పట్టడమే నా ఉద్యోగం. ఆ మాటకు ఉబ్బిపోయి ఆదివారాలన్నీ దానికే ఇచ్చాను. గొట్టం ఇత్తడిది, దాని మీద ఆకురాయి గీతలున్నాయి. పిడి పాత టేకు గుమ్మంలోంచి కోసింది. గాలిని కుదించే సిలిండరు సైకిల్ పంపుది. స్క్రూల మర చుట్లు కొలిచే, దువ్వెనలాంటి రేకుల గుత్తి ఆయనే నా చేతికిచ్చారు. పాతకాలం మరలు అంగుళాల లెక్కవి, తర్వాతవి మిల్లీమీటర్లవి. బయటి మరలన్నీ అంగుళాలవే. "మనిషి అబద్ధమాడ్తడు, మర ఆడదు" అనేవారు. వెనక మూత మీద చెయ్యి వేస్తే, "స్ప్రింగు కండ్లల్లకు ఎగుర్తది, జర పైలం" అన్నారు. గుంటూరు నుంచి వచ్చినదాన్ని, జాగ్రత్తగా విప్పమన్నది నాకు విప్పొద్దన్నట్టే వినిపించింది.

ఎనభై ఏళ్లని తేల్చాను. ఆ తండ్రి వేలితో సహా రాశాను. క్లబ్‌హౌస్‌లో మీరంతా చప్పట్లు కొట్టినప్పుడు ఆయన నా పక్కనే నిలబడి, మా బిడ్డ మంచిగ రాసిందన్నారు.

పదకొండో రోజయ్యాక పిన్నిగారు పిస్టల్ నాకిచ్చి, తుప్పు పట్టకుండా చూసుకోమన్నారు. నూనె వేద్దామని కళ్లద్దాలు పెట్టుకుని వెనక మూత విప్పాను. గాలిని తోసే ముక్కకు ఒక తోలు బిళ్ల ఉంది. దాని అంచున పసుపు దారంతో రెండు వరసల కుట్టు. అది నా బ్యాగు పట్టీ. అరిగితే మార్చి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. మూత మరకు రేకులు ఆనించి చూశాను. అంగుళాలది ఒక్కటీ కుదరలేదు, మిల్లీమీటర్లది చక్కగా కూర్చుంది.

పైకి వెళ్లి అడిగాను. పిన్నిగారు తడుముకోలేదు.

"మా మామ బట్టలు కుట్టేటోడు బిడ్డా, ఇనుము ముట్టింది లేదు. వేళ్లు పదీ మంచిగనే ఉండె. ఈయననే చేసిండు. మొదటి ఆదివారమే మూత విప్పి పట్టుకుంటవనుకున్నడు. చెక్ చేసుడే నీ నౌకరి గదా. నువ్వు విప్పలే. రాసినంక ఇగ ఎట్ల చెప్తడు?"

"రాయకముందు చెప్పొచ్చు కదండీ," అన్నాను.

ఇప్పుడు గేటు గొళ్లెం చూసినా ముందు మర చుట్లే చూస్తాను. అది ఆయన పెట్టిన చూపు, ఆ కృతజ్ఞత నాకు పోదు. కానీ నన్ను మోసం చేశారు. మీ ముందు నాతో అబద్ధం చెప్పించారు. ఆయన చెప్పినవి ఏవి గుర్తొచ్చినా ఇది నిజమేనా అని ఆగిపోతున్నాను. ఆయన పోయినదానికి మనసారా ఏడవలేకపోతున్నది అందుకే.

సవరణ: ఆ పిస్టల్ వయసు మూడేళ్లు.

నేను రాసిన పేజీ మన లిఫ్టులో ఇంకా అంటించే ఉంది. ఫొటోలో నేను కెమెరాను చూసి నవ్వుతున్నాను. పిస్టల్ పట్టుకుని ఆయన నా వైపు చూస్తున్నారు. బొటనవేలు వెనక మూత మీద ఉంది.