తాయారును కడిగిన రోజు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. వల్లకాటి పక్క చేలో ఒంటరిగా చోళ్లు కోసినదాన్ని. చదువు లేదు, నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

మా వైపు మొట్టమొదట మూగ సినిమా తీసింది మా ఆయనే. నెల్లిమర్లలో మా పెరట్లోనే తెరలు కట్టి, కెమెరా పిడి తన చేత్తో తిప్పి తీశాడు. అందులో రాణి వేషం తాయారుది. దాని పేరు వింటే నాకు ఒళ్లు మండేది.

"నన్నూ ఓపాలి తియ్యొచ్చు గదా" అని అడిగాను.

"నువ్వు కుదురుగా ఉండవే. నువ్వు సూడనప్పుడు తీస్తాన్లే" అని నవ్వాడు. తీయలేదు.

మాటల సినిమాలొచ్చాక ఆ రీళ్లు పెట్టెలో పడ్డాయి. యుద్ధం రోజుల్లో ఆయన పోయాడు. ఏడాది తిరక్కుండానే గాజులు చేసే అతను వచ్చి రీళ్లు అడిగాడు. బొమ్మలు కడిగేస్తే ఆ ఫిల్ము గాజులకు పనికొస్తుందట.

అది తెలిసి తాయారు వచ్చింది. "అప్పా, నా బొమ్మ ఒక్క ముక్క ఇయ్యి. నానెలగుండేదాన్నో సూసుకుంటాను" అంది.

"ఆయన సూసింది సాల్లేదేటి?" అని పంపేశాను.

మర్నాడు మధ్యాహ్నం కాగులో వేడినీళ్లు, చాకలి సోడా పోసి మొదట దాన్నే కడిగాను. గుడ్డతో రుద్దితే ముఖం నల్లటి మడ్డిగా దిగిపోయింది. సంతోషించాను, అబద్ధమెందుకు.

ఒక ముక్క మాత్రం తేటపడలేదు. మూడుసార్లు సోడా వేశాను. చివరికి ఎండకెత్తి చూశాను.

తాయారు కాదు. నేను. కాగు ముందు వంగి ఫిల్ము రుద్దుతున్నాను. తెల్లచీర, బోసి నుదురు. కాగుకున్న సొట్ట కూడా ఉంది. ఆ కాగు ఆయన పోయాక కొన్నది.

ఒక్కో బొమ్మలో నా చెయ్యి కాస్త కాస్త జరిగింది. ఆయన ఎప్పుడూ కెమెరా నిలబెట్టే జామచెట్టు కింద నుంచి తీసినట్టుంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. కెమెరా ఎప్పుడో అమ్మేశాం.

మిగతా ఫిల్ము గాజులతను పట్టుకుపోయాడు. తాయారు మళ్లీ వస్తే ఏమీ మిగల్లేదన్నాను. ఈ ముక్క నా కొంగు ముడిలోనే ఉంది.

ఇందాక మేనకోడలు దాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఈ సీరలో నిన్నెవులు తీసారత్తా?" అంది.

నాకు తెలియదు. పిడి తిప్పింది ఎవరో గానీ, ఆ పూట తాయారు వైపు మాత్రం చూడలేదు.