దేవుని అర్ర మీది బాట

పటాన్‌చెరులో మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మ ఏ మాట చెప్పాలన్నా ముందు కొంగు బొడ్లో దోపేది, ఆ తర్వాతే నోరు తెరిచేది. పక్కనున్న తన పాత ఇల్లు కూల్చినప్పుడు ఆ కాంక్రీటునంతా మిషన్లో కంకరగా కొట్టించి, ఇసుక వేయకుండా సిమెంటు కలిపించి, గేటు నుంచి గడప దాకా బాట పోయించింది. బాట నిండా సన్నటి బొక్కలే. వానొస్తే మా వంటింట్లోకి దూరే నీళ్లు వాటిలోంచి భూమిలోకి ఇంకిపోతుంటే మేమంతా సంబరపడ్డాం.

మర్నాడే ఆవిడ కొంగు దోపి గేటుకు అడ్డంగా నిలబడింది.

"చెప్పులు ఈడనే ఇడువుండ్రి. దీంట్ల మా దేవుని అర్ర గచ్చు గూడ కలిసింది. చెప్పులేసుకొని తొక్కుతరా?"

పూజగది కలిసిన ఆ గరుకు మీద ఉత్త కాళ్లతో నడిస్తే పల్లేరుకాయలు తొక్కినట్టే ఉండేది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను సగం బాటలోనే దాన్ని దించి, దాని మీదే కూర్చుండిపోయాడు. ఇక నేనుండబట్టలేకపోయాను.

"అక్కా, మీ బాత్రూం గచ్చు గూడ దీంట్లనే కలిసింది గదా. దాని మీద ఉత్త కాళ్లతోని ఎట్ల నడుస్తం?"

ఆవిడ కొంగు దోపి, వంగి బాటలోని ముక్కలను ఒక్కొక్కటిగా చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం గుడికని బయటికొచ్చింది. ఒక చెప్పు కాలికుంది, ఇంకోటి చేతిలో ఉంది. కుంటుకుంటూ బాట దిగుతోంది.

"ఏందక్కా ఇది?"

"ఏ ముక్క ఏడున్నదో నాకేమెరుకనే? దేవునికొక కాలు, బాత్రూంకొక కాలు. నువ్వు గూడ గట్లనే నడువు!"